27 ఏళ్లకే డిస్క్ నొప్పి: నా అనుభవం

నొప్పి నడుములో మొదలై ఎడమ పిరుదు మీదుగా పిక్క దాకా లాగేది. డాక్టరు మునివేళ్ల మీద నిలబెట్టి, మడమ వెనక సుత్తితో తట్టి చూశారు. నడుము అడుగున, ఎల్5, ఎస్1 అనే ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ నరాన్ని ఒత్తుతున్నట్టుందన్నారు. ఎమ్మారై వెంటనే రాయలేదు. ప్రమాద సూచనలేవీ లేనప్పుడు మొదటి 6 వారాల్లో స్కాన్ తీసినా చేసే వైద్యం దాదాపు అదే. నొప్పి లేనివాళ్ల స్కాన్లలోనూ ఉబ్బిన డిస్కులు కనిపిస్తాయి.

రెండు రోజులకు మించి మంచం మీద ఉండలేదు. మూడో రోజు నుంచి 5 నిమిషాల నడక, రోజుకు ఐదుసార్లు. ఆపై కొద్దికొద్దిగా పెంచాను. ఫిజియో నేర్పిన గుర్తు ఒకటుంది: నొప్పి పిక్కను వదిలి నడుము వైపు వస్తుంటే, నడుములో కాస్త ఎక్కువైనా మంచిదే. పాదం వైపు దిగుతుంటే మాత్రం ఆ పని ఆపాలి.

ఉదయం జాగ్రత్త. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి, అందుకే లేచిన మొదటి గంట వంగకూడదు. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు మంచం కిందికి వదులుతూ, చేత్తో నెట్టుకుని లేచేదాన్ని. స్నానానికి బకెట్ స్టూలు మీద పెట్టుకున్నాను. 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తి బోర్లించడం మానేశాను. 20 కిలోలతో వంగి, పైగా నడుము తిప్పడం డిస్కుకు చాలా చేటు. క్యాన్‌కు చేతిపంపు బిగిస్తే చాలు.

మూడో వారం నుంచి బర్డ్ డాగ్ అనే వ్యాయామం: చేతులు, మోకాళ్ల మీద ఉండి, కుడి చెయ్యి, ఎడమ కాలు చాపి 10 సెకన్లు, తర్వాత రెండో వైపు. ఒక్కో వైపు 6 సార్లు, ఆగి 4, మళ్లీ ఆగి 2. కాలు పిరుదు ఎత్తు దాటితే నడుము గుంటపడి నొప్పి పెరుగుతుంది. నడుం మీద ఖాళీ స్టీలు గ్లాసు పెట్టుకుని చేయండి. ఒరిగిందంటే కాలు ఎక్కువ లేచినట్టే.

మూత్రం రాకపోయినా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, పాదం వాలిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మూడు నెలలు దాటినా తగ్గక, పొద్దున అరగంటకు పైగా బిగుసుకుని, కదిలితే హాయిగా ఉంటే అది డిస్క్ కాకపోవచ్చు. కీళ్లవాతం డాక్టరు, అంటే రుమటాలజిస్టు, చూడాల్సిన నొప్పి అది.