మాంగా పాత్రలు గీయడం నేర్చుకున్న క్రమం

జపాన్ బొమ్మల కథలైన మాంగా పద్ధతిలో మనుషుల బొమ్మలు గీయడం నేర్చుకోవాలని నిశ్చయించుకునే నాటికి నాకు చిత్రకళలో ఎటువంటి శిక్షణా లేదు. చెన్నైలో ఒక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. సాయంత్రం ఇల్లు చేరాక మిగిలే కొద్దిపాటి సమయంతోనూ, ఆదివారాలతోనూ ఈ విద్య సాధించవలసి వచ్చింది. షావుకారుపేటలో పెరిగే ఇద్దరు తెలుగు అక్కాచెల్లెళ్ళ కథ ఒకటి నా మనసులో చాలాకాలంగా ఉంది. దానిని బొమ్మలతోనే చెప్పాలన్న కోరిక నన్ను ఈ పనిలోకి దింపింది.

మాంగా ముఖం చూడగానే పెద్ద కళ్ళు, చుక్కంత ముక్కు, చిన్న గీతలాంటి నోరు మాత్రమే కనిపిస్తాయి. ఎదురుగా చూస్తున్న ముఖం వరకు వీటితో గడిచిపోతుంది. తల కాస్త పక్కకు తిరిగిందా, ఆ పెద్ద కళ్ళు ఏ ఉపరితలం మీద కూర్చున్నాయో తెలియకపోతే ముఖం అట్టముక్కలా బల్లపరుపుగా తయారవుతుంది. కనుక కళ్ళ జోలికి పోకుండా, ముందుగా కపాలం కోసం ఒక బంతి, దాని కింద దవడ, నుదుటి నుంచి గడ్డం దాకా ఒక నడిమిగీత, కళ్ళ మట్టంలో ఒక అడ్డగీత, ఇంతవరకే గీస్తూ చాలాకాలం గడిపాను. తల పైకెత్తినప్పుడు అడ్డగీత విల్లులా పైకి ఒంపు తిరుగుతుంది, దించినప్పుడు కిందికి ఒంపు తిరుగుతుంది. నిజమైన మనిషి తలలో కళ్ళు దాదాపు సగం ఎత్తులో ఉంటాయి. మాంగాలో పాత్ర వయసు తగ్గేకొద్దీ ఆ గీత కిందికి జరుగుతుంది, నుదురు విశాలమవుతుంది, గడ్డం చిన్నదవుతుంది. నా కథలో అక్కకూ చెల్లికీ ముఖకవళికలు ఒకటే. వారి వయసుల తేడా అంతా ఈ ఒక్క గీతను జరపడంతోనే తెలిసింది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు మౌంట్ రోడ్డులో నిలబెట్టే సినిమా బ్యానర్లకు రంగులు వేసినవారు. మాంగా ఆయనకు పరిచయం లేని ప్రపంచం. అయినా నా కాగితాలన్నీ ఓపికగా చూసి, “కళ్ళు తర్వాత పెట్టుకుందువుగాని అమ్మా, ముందు తల ఎటు తిరిగిందో నాకు చూపించు” అన్నారు. కాగితాన్ని తిరగేసి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని వెనకవైపు నుంచి చూడడం కూడా ఆయనే నేర్పారు. కుడి ఎడమలు తారుమారైన ఆ బొమ్మలో ఒక కన్ను మరొకదానికన్నా పైకి పోయినా, దవడ ఒకవైపు జారినా వెంటనే పట్టుబడుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకు మించిన సాధనం లేదని నా అభిప్రాయం.

ఆ తర్వాతే కళ్ళు. వీటి వెనుక ఒక చరిత్ర ఉంది. ఆధునిక మాంగాకు రూపం ఇచ్చినవారిలో అగ్రగణ్యుడైన ఒసాము తెజుకా (1928–1989) అమెరికన్ కార్టూన్ చిత్రాలను అమితంగా ఇష్టపడినవాడు. ఆయన పెరిగిన తకరజుకా పట్టణం స్త్రీలే అన్ని పాత్రలూ ధరించే సంగీత నాటకాలకు ప్రసిద్ధి. ఆయన పాత్రల పెద్ద కళ్ళ వెనుక ఈ రెండింటి ప్రభావం ఉందంటారు. 1970ల నాటికి బాలికల కోసం వెలువడే మాంగాలో రచయిత్రులు ముందుకు వచ్చి, పాత్ర అంతరంగమంతా కళ్ళలోనే పలికించారు. ఇది తెలిశాక కంటిలోని ప్రతి గీతకూ ఒక పని ఉందని అర్థమైంది. పైరెప్ప గీత దళసరిగా ఉండాలి, కిందిది తేలికగా మధ్యలో తెగిపోయినా ఫరవాలేదు. నల్లగుడ్డు పైభాగాన్ని రెప్ప కొంత కప్పితేనే చూపు నెమ్మదిగా ఉంటుంది. గుడ్డు చుట్టూ తెల్లదనం కనిపిస్తే అది బెదురు. మెరుపుచుక్కలు వెలుగు వచ్చే దిక్కున రెండు కళ్ళలోనూ ఒకేవైపు పడాలి. ముఖం పక్కకు తిరిగినప్పుడు దూరపు కన్ను వెడల్పులో సన్నబడుతుంది, ఎత్తులో మాత్రం తగ్గదు.

శరీరం నేర్చుకోవడానికి నాకు ఎక్కువగా తోడ్పడింది ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం. మాంగాలో మనిషి ఎత్తును తలలతో కొలుస్తారు. మామూలు పెద్దవారు ఏడు, ఏడున్నర తలల ఎత్తు. చిబి అని పిలిచే పొట్టి ముద్దు బొమ్మలు రెండు మూడు తలలు. మన శిల్పులకూ తాళమానం ఉంది. ముఖం పొడవు ఒక తాళం, దానిలో పన్నెండు భాగాలు. దేవతామూర్తులకు నవతాళం, వినాయకుడికి పంచతాళం. తాళం నుదుటి పైనున్న జుట్టు అంచు నుంచి గడ్డం వరకే కనుక ఆ అంకెలను తలల లెక్కకు నేరుగా సరిపెట్టకూడదు. కానీ కొలత తగ్గేకొద్దీ మూర్తిలో పసితనం, ముద్దుతనం వస్తాయన్న సూత్రం రెండుచోట్లా ఒకటే. అక్కడి చోళ కంచు విగ్రహాల ముందు నిలబడి, బరువంతా ఒక కాలి మీద వేసినప్పుడు అటువైపు నడుము పైకి లేవడం, అదే వైపు భుజం కిందికి వాలడం పెన్సిలుతో ఎత్తి రాసుకున్నాను. నిలబడ్డ పాత్ర కొయ్యబారకుండా ఉండడానికి ఆ రెండు ఏటవాలు గీతలే ఆధారం.

అదే మ్యూజియంలో అమరావతి స్తూపం నుంచి తెచ్చిన సున్నపురాతి శిల్పాలు ఉన్నాయి. తెలుగువాళ్ళం గర్వంగా చూసుకోవలసిన గది అది. మదించిన నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసే ఘట్టం ఒక గుండ్రని ఫలకంలో చెక్కి ఉంది. ఒకే చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకచోట మనుషులను తొక్కుతూ, మరొకచోట మోకరిల్లి. పై కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు, భయంతో ఒక స్త్రీ పక్కవారిని హత్తుకుంటుంది. ముఖాలు చిన్నవి, అయినా ఎవరు ఏ స్థితిలో ఉన్నారో మెడ వంపు, చేతి విసురు చెప్పేస్తాయి. ఆ ఫలకం ఎదుట గడిపిన శనివారాలే నాకు పాఠశాల. నా పాత్రలను ముందు ముఖం లేకుండా గీసి, భావం తెలుస్తోందా లేదా అని చూసుకునే అలవాటు అక్కడే పట్టుబడింది. సబర్బన్ రైలులో నిలబడ్డ ప్రయాణికులను నాలుగైదు గీతల్లో పట్టుకోవడం దీనికి మంచి సాధన. తరువాతి స్టేషను వచ్చేలోగా బొమ్మ ముగియాలి కనుక అనవసరమైన గీతకు చోటుండదు.

సిరాతో గీయడం వేరే విద్య. సన్నగా మొదలై, మధ్యలో బలిసి, మళ్ళీ సన్నబడే గీత బాపు బొమ్మలు చూస్తూ పెరిగిన మనకు కొత్తది కాదు. మాంగా చిత్రకారులు దానిని జీ పెన్ అనే నిబ్బుతో, ఒత్తిడిని మార్చుతూ సాధిస్తారు. కొత్త నిబ్బుకు నూనె పూత ఉంటుంది. దానిని తుడవకపోతే సిరా సరిగా నిలవదు. గరుకు కార్ట్రిడ్జ్ పేపరు మీద నిబ్బు నారలను లాగుతుంది, సిరా పాకుతుంది. అందుకని పారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలోని కాగితాల దుకాణాలలో మందంగా, నునుపుగా ఉన్న ఏ3 షీట్లను వేళ్ళతో తడిమి ఎంచుకున్నాను. జపాన్‌లో వృత్తి చిత్రకారులు వాడే బీ4 కాగితం 257×364 మిల్లీమీటర్లు. ఏ3 షీటును కత్తిరిస్తే ఆ కొలత వస్తుంది. పత్రికలో అచ్చయ్యేటప్పుడు బొమ్మ కుదించుకుపోతుంది కనుక మరీ వెంట్రుకలాంటి గీతలు నిలవవు. చెన్నై ఉప్పుగాలికి నిబ్బులు త్వరగా తుప్పుపడతాయి; పని కాగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల వానల్లో సిరా ఆరడం కూడా ఆలస్యమే.

ఇక బట్టలు. నేర్పే పుస్తకాలలో స్కూలు యూనిఫారాలు, కిమోనోలు ఉంటాయి. లంగా ఓణీ ఉండదు. ముడతలు బట్ట ఎక్కడ బిగిసిందో అక్కడి నుంచి పుడతాయన్న సూత్రం తీసుకుని, నడుము దగ్గర దోపిన చోటు నుంచి, భుజం మీది పిన్ను నుంచి గీతలు బయలుదేరేలా వేశాను. కుచ్చిళ్ళన్నీ గీస్తే మాంగా తేలికదనం పోతుంది కాబట్టి రెండు మూడు పొడవాటి మడతలు ఉంచి మిగిలినవి వదిలేశాను. అక్కాచెల్లెళ్ళిద్దరూ మిద్దె మీద వడియాలు పెడుతున్న మొదటి పేజీ సిరాతో సహా పూర్తయింది. చేతివేళ్ళు ఇంకా పెన్సిలు దశలోనే ఉన్నాయి. అరచేతిని ఒక పలకగా, వేళ్ళను గుంపుగా కట్టుకుని రెండో పేజీకి సాధన చేస్తున్నాను.