రోబో వేషం కట్టాలంటే

పాత రోబో సినిమాల్లో ఆ మెల్లని, బరువైన నడక చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ నడక చాలావరకు వేషం తెచ్చిపెట్టిందే. లోపలున్న మనిషికి మోకాలు పూర్తిగా మడవదు, పక్కలు కనపడవు, గాలి సరిగా ఆడదు. ఆచితూచి అడుగు వేయక తప్పదు.

1927 నాటి ‘మెట్రోపొలిస్’ సినిమాలోని రోబోని చూడండి. శిల్పి వాల్టర్ షుల్జ్ మిట్టెన్‌డార్ఫ్, నటి బ్రిగిట్టె హెల్మ్ ఒంటికి ప్లాస్టర్ అచ్చు తీసి, చెక్కపొడి కలిసిన ముద్దతో తొడుగు చేసి, ఆరాక లోహం రంగు పూశాడు. తెరమీద అది అచ్చమైన లోహమే! గట్టి తొడుగు కావడంతో అంచులు ఆమె ఒంటిని ఒరుసుకునేవి. అయినా యంత్రం కుర్చీలోంచి లేచి వచ్చేటప్పుడు ఒక్క అనవసరమైన కదలిక కనపడదు.

1951లో వచ్చిన ‘ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్’లో గోర్ట్ అనే రోబోది వేరే దారి, మెత్తని ఫోమ్ రబ్బరు. రెండు వేషాలు చేశారు. ముందునుంచి తీసే షాట్‌కి అతుకు వెనక ఉన్నది, వెనకనుంచి తీసే షాట్‌కి అతుకు ముందున్నది వాడారు. లోపల ఉన్నది 7 అడుగులు దాటిన నటుడు లాక్ మార్టిన్. పొడుగు ఉన్నంత బలం లేదు, అందుకే మనుషుల్ని ఎత్తుకునే చోట తీగల సాయం తీసుకున్నారు.

తిరుపతిలో షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్ళకి ఈ రెండో దారే నయం. ఛాతీకి, తొడలకి 10 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ (మెత్తని, తేలికైన ప్లాస్టిక్ నురగ) షీట్, మోచేతులకి, మోకాళ్ళకి 5 మిల్లీమీటర్లది చాలు. రబ్బరు జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటనంతవరకూ, దాదాపు 10 నిమిషాలు ఆగి ఒక్కసారే నొక్కాలి. తొందరపడితే లోపలి తడి పోక, మన ఎండకి అతుకు జారిపోతుంది. థర్మాకోల్‌కి మాత్రం ఈ జిగురు వద్దు, కరిగి గుంటలు పడుతుంది. స్ప్రే పెయింట్ కూడా అంతే.

రంగుకి ముందు వేడిగాలి ఊదే హీట్ గన్‌తో ఫోమ్ పైపొరని కాస్త వేడిచేయాలి. తర్వాత ఫెవికాల్, నీళ్ళు సమంగా కలిపి మూడు పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి. ఈ పని ఎగ్గొడితే వెండిరంగు ఫోమ్‌లోకి ఇంకి, కీళ్ళ దగ్గర పగుళ్ళు తేలుతుంది. మోకాలి దగ్గర రెండు వేళ్ళ సందు వదిలి లోపల నల్ల లెగ్గింగ్స్ తొడిగితే సందు కెమెరాకి నీడలా కలిసిపోతుంది.

మే నెలలో గంగమ్మ జాతరకి వేషం కట్టినవాళ్ళకి ఎండలో ఒంటిమీది పూత సంగతి తెలుసు. ఫోమ్‌లో అయితే చెమటకి బయటికి దారే లేదు. తలలో 12 వోల్టుల చిన్న కంప్యూటర్ ఫ్యాన్లు రెండు పెట్టండి, ఒకటి గాలి లోపలికి తోయడానికి, ఒకటి బయటికి లాగడానికి. ఒక్కటే పెడితే కళ్ళ అద్దం మసకబారుతుంది. 10 నిమిషాలకోసారి తల తీసి నీళ్ళు ఇవ్వండి. ఆ మనిషికి కళ్ళు తిరిగితే షూటింగ్ అక్కడితో ఆపేయాల్సిందే.

చంద్రగిరి కోటలో తీయాలనుకుంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఎక్కడ తీసినా సాయంత్రం ఐదు దాటాకే. ఎదురు వెలుతురులో వెండిరంగు తెల్లగా మెరిసి రూపం చదునైపోతుంది, పక్కనుంచి ఒక్క దీపం చాలు. కెమెరా మోకాలి ఎత్తున పెట్టి, సెకనుకి 30 ఫ్రేములతో తీసి 24తో నడిపితే నడకకి బరువు వస్తుంది.

ఫోమ్ కాలు నేలమీద పడితే చప్పుడు రాదు. ఖాళీ ఇనుప ట్రంకుపెట్టె మీద బూటుతో కొట్టి విడిగా రికార్డు చేసి, పాదం నేల తాకిన ఫ్రేము మీదే అతికించాలి. చప్పుడు కాస్త ముందుపడినా కాలు ఫోమ్‌దని తెలిసిపోతుంది.