లడ్లో: కోట వాకిట్లో సంత

ఇంగ్లండులోని లడ్లో వెళ్లాలంటే ముందు వారం చూసుకోవాలి, రైలు టికెట్ ఆ తర్వాతే. కోట ముందున్న చౌకులో సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో సంత జరుగుతుంది. నెలలో రెండో గురువారం, నాలుగో గురువారం చుట్టుపక్కల ఊళ్ల సరుకు అమ్మే సంత వేరుగా ఉంటుంది. మంగళవారం దిగామంటే ఖాళీ చౌకు తప్ప ఏమీ ఉండదు. సంత లేని రోజు చూస్తే ఈ ఊరు సగమే అర్థమవుతుంది. నేను శుక్రవారం పొద్దున దిగి ఆదివారం దాకా ఉన్నాను. రెండు రాత్రులు సరిపోతాయి, ఒక్క పూటయితే చాలదు.

ఇంగ్లండుకు పడమటి అంచున, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా, ష్రాప్‌షైర్ జిల్లాలో ఉంది లడ్లో. మాంచెస్టర్ నుంచి కార్డిఫ్ వెళ్లే రైళ్లు ష్రూస్‌బరీ, లడ్లో, హెరిఫర్డ్ మీదుగా పోతాయి. ష్రూస్‌బరీ నుంచి అరగంట, హెరిఫర్డ్ నుంచీ దాదాపు అంతే. లండన్ నుంచి నేరుగా రైలు లేదు. ఉత్తరం వైపు నుంచి వస్తే క్రూలో, దక్షిణం వైపు నుంచయితే న్యూపోర్ట్‌లో మారాలి. మొత్తం మూడు, మూడున్నర గంటలు పడుతుంది. లండన్ నుంచి లడ్లో దాకా ఒకే టికెట్ తీసుకోండి. అప్పుడు మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి రైలు ఎక్కనిస్తారు. ఆదివారం రైళ్లు తక్కువ కాబట్టి తిరుగు ప్రయాణం వేళలు ముందే చూసుకోవాలి.

స్టేషన్ కింద, కోట పైన. కార్వ్ స్ట్రీట్ పట్టుకుని ఎక్కితే పది నిమిషాల్లో సంత చౌకుకు చేరతాం. దారిలో కుడిఎడమల చూసుకుంటూ వెళ్లాలి. ఫెదర్స్ అనే పాత హోటల్ ముఖభాగం 1619 నాటిది. నల్లటి ఓక్ దూలాలు, వాటి మధ్య తెల్లటి గచ్చు, అంగుళం ఖాళీ వదలకుండా చెక్కడం. ఎదురుగా నిలబడితే కుడ్యచిత్రంలా కనిపిస్తుంది, దగ్గరికి వెళితే గొడ్డలితో చెక్కిన మొద్దుల గరుకుతనం తెలుస్తుంది. వేల్స్ యువరాజు అంటే ఇంగ్లండు రాజు వారసుడు. అతని చిహ్నమైన నిప్పుకోడి ఈకలే ఆ పేరుకు మూలం. ఈ ఊరికి యువరాజుతో సంబంధం ఏమిటో కోటలోకి వెళ్లాక తెలుస్తుంది.

ఇంకాస్త పైకి వెళితే బటర్‌క్రాస్. 1740ల్లో కట్టిన రాతి మండపం, పైన గడియారం. కింద స్తంభాల మధ్య వెన్న అమ్మేవాళ్లు కాబట్టి ఆ పేరు. పైఅంతస్తులో ఊరి చరిత్ర మ్యూజియం ఉంది. ఇక్కడ కాసేపు ఆగి కోట వైపు చూడండి. చౌకు దాకా రెండు మూడు సన్నటి వీధులు పక్కపక్కనే పోతుంటాయి. మధ్యలో ఇళ్ల వరుసలు ఎంత ఇరుకంటే ఎదురెదురు కిటికీల్లోంచి చేతులు కలుపుకోవచ్చనిపిస్తుంది. మొదట్లో ఇక్కడ వీధులే లేవు. కోట వాకిలి నుంచి కార్వ్ స్ట్రీట్ పైకొసనున్న బుల్ రింగ్ దాకా ఒకటే పొడవాటి, వెడల్పాటి సంతవీధి. కోట కట్టిన ప్రభువులు వాకిలి ముందు సంత పెట్టించి, దానికి అటూ ఇటూ సన్నగా, పొడవుగా స్థలాలు కొలిచి అద్దెకిచ్చారు. వీధి మీద అంగడి ముఖం, వెనక పెరడు. సంత జోరుగా సాగేకొద్దీ నడిమధ్యలో పెట్టుకున్న తాత్కాలిక దుకాణాలు రాత్రికి ఎత్తేయడం మానేశారు. బల్ల గుడిసె అయింది, గుడిసె ఇల్లయింది. ఆ ఆక్రమణే ఇప్పటి ఇరుకు వీధులు. మన ఊళ్లలోనూ కోట ముందు పేట వెలుస్తుంది కదా, ఇదీ అంతే. కోట పక్కన నది దాకా దిగే బ్రాడ్ స్ట్రీట్, మిల్ స్ట్రీట్ మాత్రం మొదటి కొలతలతోనే వెడల్పుగా మిగిలాయి.

సంతలో ఏం తినాలి? మాంసం తినేవాళ్లకు ఇబ్బంది లేదు. హ్యామ్, ఆపిల్, ఉల్లిపాయ పిండి పొరలో పెట్టి కాల్చే ‘ఫిడ్జెట్ పై’ అనేది ఈ జిల్లా వంట. శాకాహారులు చీజ్ దగ్గర జాగ్రత్తపడాలి. పాలు విరవడానికి వాడే రెన్నెట్ కొన్నిటిలో దూడ పొట్ట నుంచి తీసిందై ఉంటుంది. చీటీ మీద శాకాహారం అని రాసి ఉందేమో చూడండి, లేకపోతే అడగండి, విసుక్కోరు. నారింజరంగులో నీలి చారలుండే ష్రాప్‌షైర్ బ్లూ చీజ్‌ను ఇక్కడి పాత సరుకనుకుని కొంటారు చాలామంది. అది 1970ల్లో స్కాట్లండులో పుట్టింది. ఈ నేలకు చెందినదే కావాలంటే శరదృతువులో డామ్సన్ పళ్ల జామ్ కొనండి. నల్లటి చిన్న రేగుపండంత ఉండే ఈ పండు పచ్చిగా తింటే నోరు పట్టేస్తుంది, చక్కెరతో ఉడికిస్తే చింతపండు పచ్చడి గుర్తొచ్చే పులుపు వస్తుంది. హోటళ్లలో మధ్యాహ్నం రెండు, రెండున్నరకల్లా వంటగది మూసేస్తారు. కోటలో ఆలస్యమై మూడింటికి బయటికొస్తే టీ, కేకులే గతి. సంతలో ‘పై’ ఒకటి కొని సంచిలో వేసుకుని కోటకు వెళ్లడం మేలు.

కోట పోవిస్ ఎస్టేట్ ట్రస్టీల చేతిలో ఉంది. అందుకని ఇంగ్లిష్ హెరిటేజ్, నేషనల్ ట్రస్ట్ అనే పాత కట్టడాల సంస్థల సభ్యత్వ కార్డులను నమ్ముకుని రాకండి, విడిగా టికెట్ కొనాలి. చలికాలంలో త్వరగా మూస్తారు. మూసే వేళకు కనీసం రెండు గంటల ముందు లోపలుండాలి. సెప్టెంబరులో ఆహారోత్సవం కోటలోనే జరుగుతుంది. అది 1995లో మొదలైంది. తిండి కోసం వచ్చేవాళ్లకు అంతకన్నా మంచి రోజులు లేవు, కోట కోసం వచ్చేవాళ్లకు అంతకన్నా చెడ్డ రోజులూ లేవు. గదులు కూడా నెలల ముందే అయిపోతాయి.

వెలుపలి ఆవరణ పెద్ద పచ్చిక మైదానం. దాన్ని దాటితే రాతిలో తొలిచిన ఎండు కందకం, దాని మీద వంతెన, అవతల లోపలి ఆవరణ. వంతెన ఎక్కే ముందు ఆగి పెద్ద బురుజును పరీక్షగా చూడాలి. 11వ శతాబ్దం చివర్లో డి లేసీ వంశంవాళ్లు కట్టినప్పుడు అది బురుజు కాదు, కోట సింహద్వారం. దారి దాని కడుపులోంచే పోయేది. తర్వాత తరాలవాళ్లు ఆ దారిని రాళ్లతో మూసేసి, దాన్ని బురుజుగా మార్చి, పక్కన గోడలో కొత్త వాకిలి కొట్టారు. ఇప్పుడు మనం వెళ్లేది ఆ కొత్త వాకిట్లోంచి. పాత కమాను ఎక్కడ పూడ్చారో గోడలో రాళ్ల వరుస చెబుతుంది. చుట్టూ రాళ్లు అడ్డంగా పేర్చి ఉంటే, ఆ ఒక్కచోట వంపు తిరిగిన రాళ్ల అంచు, దాని లోపల వేరే రకం పూడిక కనిపిస్తాయి. లోపల కింది గదిలో గోడకు వరసగా చెక్కిన గుడ్డి కమానులున్నాయి. చీకటి గదికి అంత అలంకారం ఎందుకంటే, ఒకప్పుడు అది అతిథులు నడిచొచ్చే దారి.

లోపల అన్నిటికన్నా అపురూపం గుండ్రటి ప్రార్థనా మందిరం. 12వ శతాబ్దం నాటి సెయింట్ మేరీ మాగ్డలిన్ చాపెల్ అది. జెరూసలెంలో క్రీస్తు సమాధి మీది గుండ్రటి కట్టడాన్ని తలచుకుని కట్టిన చర్చిలు ఇంగ్లండు మొత్తంలో చాలా కొద్ది. పైకప్పు లేదు, గుండ్రటి గోడ మాత్రం నిలిచింది. వాకిలి కమాను మీద ముగ్గు పెట్టినట్టు వంకర గీతల చెక్కడం ఉంది. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఆ గీతలు లేచి నిలబడతాయి.

ఉత్తరపు వరుసలో పెద్ద హాలు, దానికి అటూ ఇటూ రాజగదులు. వీటిని చూడటానికో పద్ధతుంది. గోడల్లో చదరపు గుంటలు వరసగా కనిపిస్తే అవి దూలాలు పెట్టిన చోట్లు, అంటే అక్కడో అంతస్తు ఉండేది. గాలిలో వేలాడుతున్నట్టున్న పొయ్యి గూళ్లు ఆ అంతస్తు గదులవి. వాటిని లెక్కబెడితే ఎన్ని గదులో తేలుతుంది. గోడ బయటికి పొడుచుకొచ్చిన నాలుగంతస్తుల చిన్న బురుజు మరుగుదొడ్లది. పైనుంచి గొట్టంలా దిగే సందు, కింద తెరిచిన నోరు. 14వ శతాబ్దపు గదులకు ప్రతి అంతస్తులో దొడ్డి ఉండటం ఆ రోజుల్లో గొప్ప వైభవం. అది అప్పటి కోట యజమాని రోజర్ మార్టిమర్ కాలం నాటిది. 1323లో లండన్ టవర్ చెర నుంచి తప్పించుకున్న మనిషి ఇతనే. 1330లో ఉరితీశారు.

ఫెదర్స్ గోడమీది ఈకల సంగతి ఇక్కడ తేలుతుంది. వేల్స్ పాలన ఈ కోట నుంచే సాగింది, యువరాజులను ఇక్కడికే పంపేవారు. నాలుగో ఎడ్వర్డ్ రాజు కొడుకు 1473 నుంచి ఇక్కడ పెరిగాడు. 1483 ఏప్రిల్లో తండ్రి చనిపోయాడని తెలిసి పన్నెండేళ్ల వయసులో ఇక్కణ్నుంచి లండన్ బయల్దేరాడు. టవర్‌లో మాయమైన ఇద్దరు రాకుమారుల్లో ఒకడు అతనే. ఏడో హెన్రీ రాజు పెద్దకొడుకు ఆర్థర్ కొత్త పెళ్లికూతురు కాథరిన్‌తో ఇక్కడ కాపురం పెట్టి, 1502 ఏప్రిల్ 2న పదిహేనేళ్లకే చనిపోయాడు. ఆ విధవను తమ్ముడు ఎనిమిదో హెన్రీ పెళ్లాడటం, తర్వాత ఆ పెళ్లి రద్దు కోసం రోమ్‌లోని పోప్‌తో తెగదెంపులు చేసుకోవడం ఇంగ్లండు చరిత్రనే తిప్పేశాయి.

కోటను ఫిరంగులు కూల్చలేదు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో 1646లో లొంగిపోయింది, అప్పటికి నిలిచే ఉంది. 1689లో వేల్స్ పాలనా మండలిని రద్దు చేశాక ఎవరికీ అవసరం లేకపోయింది. కప్పుల మీది సీసపు రేకులు పీక్కుపోయారు. రేకు పోతే వాన దూలాల్లోకి దిగింది, దూలాలు పుచ్చాక అంతస్తులు కూలాయి. గోడలు మాత్రం మిగిలాయి.

తెలుగువాళ్లు ఇక్కడ తప్పక తెలుసుకోవాల్సిన సంగతొకటుంది. 1811లో ఈ కోటను రాజు ఖజానా నుంచి కొన్నవాడు పోవిస్ ఎర్ల్. ఆ పేరు మాత్రమే వింటే మనకు తట్టదు. అతని అసలు పేరు ఎడ్వర్డ్ క్లైవ్, రాబర్ట్ క్లైవ్ పెద్దకొడుకు. 1774 నుంచి ఇరవయ్యేళ్లు పార్లమెంటులో లడ్లో సభ్యుడు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిందీ, 1800లో నిజాం నేటి రాయలసీమలో చాలా భాగాన్ని, బళ్లారితో కలిపి కంపెనీకి ధారపోసిందీ ఇతని హయాంలోనే. మనం దత్తమండలాలని పిలిచే ఆ సీమను మద్రాసు ప్రభుత్వం కింద కలిపిన గవర్నరుదే ఈ కోట. ఇక్కడి గోడల మీద దాని గుర్తులు వెతకనక్కర్లేదు. టిప్పు గుడారం, అతని సింహాసనానికి అమర్చిన బంగారు పులితలల్లో ఒకటి వేల్స్‌లోని పోవిస్ కోటలో ఉన్నాయి. ష్రూస్‌బరీలో రైలు మారి వెల్ష్‌పూల్‌లో దిగితే అక్కణ్నుంచి నడిచి వెళ్లొచ్చు. దానికో రోజు విడిగా పెట్టుకోండి, లడ్లోతో కలిపి ఒకే రోజులో చూస్తే రెండూ చెడతాయి.

సెయింట్ లారెన్స్ చర్చి ఇరుకు వీధుల వెనక దాక్కుని ఉంటుంది, గోపురం మాత్రం ఊరికి ఎంతో దూరం నుంచే కనిపిస్తుంది. ఎత్తు 135 అడుగులు. పైకి దాదాపు రెండు వందల మెట్లు, ఒక్క మనిషి పట్టేంత ఇరుకుగా గుండ్రంగా తిరిగే మెట్లు. ఎదురుగా దిగేవాళ్లొస్తే గోడకు అతుక్కుని నిలబడాలి, వీపుకు సంచి ఉంటే కష్టం. మోకాళ్లు సహకరించకపోతే పైకి ఎక్కకుండా గాయకుల పీటల దగ్గర కూర్చోండి. 15వ శతాబ్దపు ఓక్ పీటలవి. పలక పైకెత్తితే అడుగున చిన్న చెక్క చూరు ఉంటుంది. గంటల తరబడి నిలబడి ప్రార్థించే గురువులు నిలబడినట్టే ఉంటూ దాని మీద ఆనుకునేవాళ్లు. దేవుడి ఎదుట దొంగతనంగా తీసుకున్న ఆ విశ్రాంతికి కింద వడ్రంగి చెక్కిన బొమ్మలు 28 ఉన్నాయి. కొలతలో మోసం చేసిన, బీరు అమ్ముకునే ఆడమనిషిని దయ్యం తలకిందులుగా భుజాన వేసుకుని నరకం నోట్లోకి మోసుకుపోతుంది. ఒంటి మీద బట్ట లేదు, నెత్తిన కొమ్ముల టోపీ మాత్రం ఉంది, చేతిలో ఆ దొంగ కొలత కూజాను ఇంకా వదల్లేదు. ఒక దయ్యం ఆమె పాపాల చిట్టా చదువుతుంటే ఇంకొకటి తిత్తి వాయిస్తోంది. సంత ఊరు కాబట్టే కొలతలో మోసం ఇక్కడ నరకానికి పోయేంత పాపమైంది. నేను ఈ ఒక్క బొమ్మ ముందే పావుగంట నిలబడ్డాను.

ఆఖరికి నది. కోట గోడ పక్కనుంచి డినమ్ వీధిలో దిగితే టీమ్ నది మీద డినమ్ వంతెన వస్తుంది. దాటి విట్‌క్లిఫ్ గుట్ట ఎక్కండి. కోట నిండుగా కనిపించేది ఇక్కడి నుంచే. పొద్దున ఈ వైపు గోడలు నీడలో ఉంటాయి, మధ్యాహ్నం మూడు దాటాక ఎండ సూటిగా పడుతుంది. ఫోటో తీయాలంటే అప్పుడే రావాలి. కాళ్ల కింద బూడిదరంగు పలుచటి పొరలరాయి దాదాపు 42 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు బురద. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ యుగానికి పెట్టిన పేరు కూడా లడ్లోనే. కోట గోడల్లో చాలామటుకు ఇదే రాయి. సుత్తితో కొట్టడం నిషేధం, చూడటం వరకే.

గుట్ట కింద నది ఒడ్డునే బ్రెడ్‌వాక్ అనే కాలిబాట లడ్‌ఫర్డ్ వంతెన దాకా పోతుంది. దాన్ని వేసిన కూలీలకు డబ్బుకు బదులు రొట్టె ఇచ్చారని చెబుతారు. వాన పడ్డాక ఆకులు కుళ్లి జారుతుంది. చెప్పులతో వెళ్లకండి, అడుగున పట్టున్న బూట్లు కావాలి. లడ్‌ఫర్డ్ వంతెన పాతకాలపుది, ఇరుకైనది, వాహనాలు చూసుకుని దాటాలి. 1459 అక్టోబరు 12 రాత్రి రాజు మీద తిరగబడ్డ యార్క్ ప్రభువు తన సైన్యాన్ని ఇక్కడే వదిలేసి పారిపోయాడు, తెల్లారి రాజు సైన్యం ఊరిని దోచుకుంది. వంతెన దాటి ఎక్కితే బ్రాడ్ గేట్ వస్తుంది. ఊరి ప్రాకారానికి ఏడు ద్వారాలుండేవి, వాటిలో నిలిచింది ఇదొక్కటే. దాని కమాను మీదే ఇల్లు కట్టుకున్నారు. కిందనుంచి నడిచి వెళ్లగానే బ్రాడ్ స్ట్రీట్ ఒక్కసారిగా వెడల్పుగా పరుచుకుంటుంది. అటూ ఇటూ ఇటుక ముఖాల ఇళ్లు. పక్కసందుల్లోకి తొంగి చూస్తే ఆ ఇటుక వెనక పాత కొయ్య గోడలు బయటపడతాయి. ముందు భాగం మాత్రమే 18వ శతాబ్దపు మోజుకు మార్చుకున్నారు. పైన చివర్లో బటర్‌క్రాస్ గడియారం. డినమ్ నుంచి ఈ చుట్టు తిరిగిరావడానికి గంటన్నర పడుతుంది. శనివారం నాలుగు దాటితే సంతవాళ్లు బల్లలు సర్దేస్తుంటారు, డామ్సన్ జామ్ ముందే కొని పెట్టుకోండి.