ప్రభకి కట్టని కండువా

కనుమ రోజు జగ్గన్నతోటకి వెళ్లినవాళ్లకి తెలుసు, అక్కడ గుడి లేదు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఉన్నదల్లా తోటే. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరున్న ఆ తోటకి చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివయ్యలు ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి భుజాల మీద మోసే వాహనాల మీద, తరలివస్తారు. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడు, ముక్కామల నుంచి రాఘవేశ్వరుడు, వక్కలంక నుంచి విశ్వేశ్వరుడు, పెదపూడి నుంచి మేనకేశ్వరుడు... ఏకాదశ రుద్రులు. ఆతిథ్యం మొసలపల్లి భోగేశ్వరుడిది. ఏడాదికోసారి లోకకల్యాణం గురించి మాట్లాడుకోవడానికి వీళ్లంతా కలుస్తారని మా కోనసీమ వాళ్ల నమ్మకం. నాలుగు వందల ఏళ్ల నుంచి జరుగుతోందని పెద్దలు చెప్తారు.

చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఎవరి గుడి వాళ్లకుండగా ఈ తోటలో ఎందుకు కలవడం? ఇప్పుడు అనిపిస్తుంది, లోకం మంచి గురించి మాట్లాడాలంటే దేవుడైనా తన గడప దాటి రావాల్సిందేనేమో. నా మనసుకి తోచిన అర్థం ఇది.

మాదీ ఆ పదకొండు ఊళ్లలో ఒకటి. 2024 కనుమ నాడు, అంటే అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకి నాలుగు నెలల ముందు, ప్రభ ముస్తాబవుతోంది. వెదురు బద్దలు వంచి కట్టారు, రంగురంగుల గుడ్డలు చుట్టారు, గంటలు, వరి కంకులు, నెమలి పింఛాలు వేలాడదీశారు. మా వీధి కుర్రాడొకడు తన పార్టీ కండువా తెచ్చి ప్రభ అంచుకి ముడి వేశాడు. ఏళ్ల తరబడి మోసి మోసి భుజం మీద కాయ కట్టిన పెదనాన్న ఒకాయన అది చూశారు. కోప్పడలేదు.

"ఒరే అబ్బాయ్, అది విప్పెయ్యి నాన్నా."

"మన పార్టీదే కదా పెదనాన్నా."

"నీదీ నాదీ అదేరా. కానీ ఆ కొస పట్టుకున్న వాళ్లది కాదుగా. స్వామిని మొయ్యొద్దని వాళ్లకి మనం చెప్తామా?"

కుర్రాడు విప్పి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అరగంటకి దాళ్వా, అంటే రెండో పంట వరి నాట్లు వేసిన చేలోకి దిగాం. ఇక్కడి రైతు స్వామి తన చేలోంచి వెళ్తున్నాడంటే నారు తొక్కుతున్నారని బాధపడడు, దండం పెడతాడు. మోకాలి లోతు బురద. 'అశ్శరభ శరభ' అని అరుస్తుంటే ఊపిరి ఆడదు. 2021 పంచాయతీ ఎన్నికల నుంచి మొహాలు చూసుకోని ఇద్దరు నా ముందే ఒకే బొంగు కింద ఉన్నారు. ఒకాయన కాలు జారింది. రెండో ఆయన బొంగు వదలకుండానే రెక్క పట్టుకుని లేపి "నీ కాలు ఎడంపక్క వెయ్యరా" అన్నాడు. మూడేళ్ల తర్వాత అదే మొదటి మాట.

భగవద్గీత తొమ్మిదో అధ్యాయం 29వ శ్లోకం ఇంట్లో చాలాసార్లు చదివాను. ఆ చేలో అది నాకు చెవిలో వినిపించింది.

*సమోఽహం సర్వభూతేషు న మే ద్వేష్యోఽస్తి న ప్రియః*

అన్ని ప్రాణుల పట్లా నేను సమానుణ్ణి, నాకు గిట్టనివాడు లేడు, ఇష్టుడూ లేడు అంటున్నాడు స్వామి. భక్తితో భజించేవాళ్లు నాలో ఉంటారు, నేను వాళ్లలో ఉంటాను అని శ్లోకం రెండో సగం. భక్తి ఒక్కటే అడిగాడు. ఇంకే గుర్తూ అడగలేదు.

దీనికి ఒక ప్రశ్న వస్తుంది, నా స్నేహితులే అడిగారు: మరి కృష్ణుడు పాండవుల పక్షాన నిలబడలేదా? నిలబడ్డాడు. కానీ సాయం అడగడానికి అర్జునుడు, దుర్యోధనుడు ఇద్దరూ వచ్చినప్పుడు ఇద్దరికీ ఇచ్చాడు. ఆయుధం పట్టని తను ఒకవైపు, తన నారాయణ సేన ఒకవైపు. యుద్ధానికి ముందు తనే రాయబారానికి వెళ్లాడు. నన్ను ఇంతకంటే కదిలించేది గాంధారి. కొడుకు దుర్యోధనుడు గెలవాలని దీవించమంటే ఆ తల్లి "యతో ధర్మస్తతో జయః" అంది. ధర్మం ఎక్కడుంటే అక్కడే జయం. 'నా బిడ్డకి జయం' అని నోరు రాలేదు ఆ తల్లికి. కన్నతల్లే అలా అనగలిగితే, నా పార్టీకి స్వామి అండ ఉందని నేనెలా చెప్పను?

చట్టం కూడా ఒక హద్దు పెట్టింది. మతం పేరుతో ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం తప్పు. ఆ మతం అభ్యర్థిదే కాదు, ఓటరుదైనా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం 4-3 తేడాతో చెప్పింది. గుడి, మసీదు, చర్చి ఆవరణని రాజకీయాలకి వాడకూడదని 1988లో వేరే చట్టమే వచ్చింది. కానీ నా బాధ చట్టం గురించి కాదు. స్వామి మా పార్టీ అనుకున్న క్షణం నుంచి అవతలి పార్టీవాడికి ఆ గుడి గుమ్మం ఇరుకైపోతుంది. పక్క ఊళ్లో ఒక గుడికి కమిటీ మారింది. పాత కమిటీ ఇళ్లవాళ్లు ఆ ఏడాది కార్తీక సోమవారం అన్నసమారాధనకి రాలేదు. అన్నం మిగిలిపోయింది. శివుడి ప్రసాదం మిగిలిపోవడం నా కళ్లతో చూశాను.

2020 సెప్టెంబరులో అంతర్వేది నరసింహస్వామి రథం కాలిపోయినప్పుడు మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. టీవీ పెడితే మాత్రం ఏ పార్టీ తప్పు అన్న గొడవే. 2021 ఫిబ్రవరిలో భీష్మ ఏకాదశికి కొత్త రథం కదిలింది. ఆ తాడు లాగిన చేతులు అన్ని పార్టీలవీ.

అలాగని భక్తుడు రాజకీయం పట్టించుకోకూడదని నేను అనను. చిన్న గుళ్లో అర్చకుడికి జీతం అందుతోందా, మాన్యం భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయి, కాలవ చివరి చేలకి నీళ్లు వస్తున్నాయా అని ఓటు అడిగిన ప్రతివాణ్ణీ నిలదీయాలి. రోజూ సంకల్పంలో గోత్రం చెప్తాం, పేరు చెప్తాం, గోదావరికి ఏ తీరాన ఉన్నామో చెప్తాం. అంతా చెప్పుకుని చివరికి కోరేది క్షేమం, స్థైర్యం, ఆయురారోగ్యాలు. ఆ క్షేమం మొత్తం ఊరిదైతేనే ఆ మంత్రానికి న్యాయం చేసినట్టు అని నాకు గట్టి నమ్మకం.

మే 13న పోలింగ్. పొద్దున్నే దీపం పెట్టి చేతులు జోడించాను. ఎవరు గెలవాలో స్వామికి చెప్పుకోలేదు. నా బుద్ధి సరిగ్గా నడిపించమని అడిగి బడి దగ్గరికి వెళ్లి లైన్లో నిలబడ్డాను. ముందు కండువా కుర్రాడు. అతని ముందు, ఆ కనుమ నాడు బురదలో జారినాయన. లేపినాయన ఎండకి తువ్వాలు తలకి చుట్టుకుని అతని పక్కనే నిలబడి ఉన్నాడు.