అమ్మమ్మ కార్తెలు, డాలస్ ఎండలు

ఆగస్టు వచ్చేసరికి డాలస్ శివారులోని మా పెరడు నెర్రెలు బారుతుంది. నిరుడు మా చిన్నవాడు బడి స్కేలును ఒక నెర్రెలోకి దించితే పన్నెండు అంగుళాలూ లోపలికి వెళ్లిపోయాయి. ఈ ప్రాంతపు నేల మా పల్నాటి నల్లరేగడికి దగ్గరి చుట్టం. తడిస్తే ఉబ్బి కాళ్లకు అంటుకుంటుంది, ఎండితే ముడుచుకుపోయి పగులుతుంది. నేల అలా ముడుచుకున్నప్పుడు ఇంటి గోడలు బీటలు వారకుండా ఇక్కడి వారు పునాది చుట్టూ సన్నగా నీరు చెమర్చే గొట్టాలు పరుస్తారు. ఆ సంగతి ఫోనులో విని మా అమ్మ, "మొక్కకు నీళ్లు పోయడం చూశాను గానీ గోడకు పోయడం ఎక్కడా వినలేదే!" అని ఆశ్చర్యపోయింది.

అమ్మ వేసవిని కార్తెలతో లెక్కిస్తుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశిస్తే తొలకరి కోసం ఆకాశం వంక చూడవచ్చు. ఇక్కడ మృగశిర దాటాకనే అసలు ఎండలు మొదలవుతాయి. 2011లో ఈ ఊళ్లో 71 రోజుల పాటు వేడి ఇక్కడి ఫారన్‌హీట్ లెక్కలో వంద డిగ్రీలకు, అంటే మన లెక్కలో దాదాపు 38 డిగ్రీలకు, చేరింది లేదా దాన్ని మించింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను ఊరి అలవాటు ప్రకారం జూన్‌లో టమాటా నారు నాటాను. మొక్కలు ఏపుగా పెరిగాయి, విరగబూశాయి, ఒక్క కాయ కూడా నిలవలేదు. పగటి వేడి 95 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 75 కంటే దిగకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోయి పూత రాలిపోతుందని నాకు అప్పటికి తెలియదు. ఆగస్టు చివరలో విసిగిపోయి మొక్కలన్నీ పీకేశాను. మార్చి మధ్యలో మంచు భయం తగ్గగానే నాటి జూన్ లోపల కాయలు కోసుకోవాలని, లేదా వేసవి నడిమిన నాటి, ఎండల్లో మొక్కను బతికించుకుని, చలికాలం ముందు పంట తీసుకోవాలని తర్వాత నేర్చుకున్నాను.

నిరుడు ఆ రెండో పద్ధతిలో వేసిన టమాటా, పందిరెక్కిన సొర, మడిలోని గోంగూర, బచ్చలి మా అమ్మాయి చేతికి అప్పగించాను. దానికి అప్పుడు పదకొండేళ్లు. మధ్యాహ్నం మూడింటికి సొర ఆకులు తడిగుడ్డల్లా వేలాడడం చూసి అది కంగారుపడి, నాకు చెప్పకుండా వారం రోజులు ఆ వేళకే నీళ్లు పోసింది. రేగడిలో నీరు త్వరగా ఇంకదు కాబట్టి వేళ్లకు గాలి ఆడక ఒక పాదు పూర్తిగా చచ్చిపోయింది. పిల్ల ఏడ్చింది. నేను కోప్పడలేదు, ఎందుకంటే దాహంతో ఉన్నదానికి నీళ్లివ్వాలనే బుద్ధి తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మధ్యాహ్నం వాలిన ఆకు సాయంత్రానికి లేచి నిలబడితే అది ఎండను తట్టుకునే తీరు మాత్రమేనని, తెల్లవారాక కూడా వాలి ఉంటేనే దాహమని చూపించాను. అప్పటి నుంచి రోజూ ఉదయం ఆరింటికి మొదళ్ల దగ్గర పరిచిన ఎండు గడ్డిని పక్కకు జరిపి, వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, చెమ్మ తగలకపోతేనే నీళ్లు పోసేది. ఎండలో పడి ఉన్న గొట్టంలోంచి మొదట వచ్చే నీరు చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది కనుక దాన్ని పక్కకు వదలడం కూడా అలవాటు చేసుకుంది.

ఒక ఆదివారం అది ఫోనులో, "అమ్మమ్మా, టమాటా పువ్వులు పడిపోతున్నాయి" అని చెప్పింది. అమ్మ వెంటనే, "పూత రాలుతోందా తల్లీ, పిందె రాలుతోందా?" అని అడిగింది. పూత రాలితే వేడి కారణమా అని చూడాలి, పిందె రాలితే నీటి తేడా గానీ, పుప్పొడి అందకపోవడం గానీ చూడాలి. పిల్లకు పిందె అనే మాటే తెలియదు. ఇంగ్లీషులో అది రోజూ వాడే మాటల్లో ఆ దశకు విడిగా పేరు లేదు. ఆ సాయంత్రం పందిరి కింద నిలబెట్టి, అప్పుడే విచ్చుకున్న తెల్లని సొరపువ్వు అడుగున బొటనవేలి కణుపంత, నూగుతో నిండిన లేత పచ్చని పిందెను చూపించాను. పక్కనే సన్నని పొడుగాటి కాడ మీద పూసిన మగపువ్వుకు అది లేదు. మగపువ్వు తెంపి, రేకులు విడదీసి, పుప్పొడిని ఆడపువ్వుకు అద్దింది. కొద్ది రోజులకు ఆ పిందె బరువెక్కి కిందికి వంగింది, తను ముట్టని దాని పక్క పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయింది. వారాంతపు తెలుగు తరగతిలో రెండేళ్లుగా అది వర్ణమాల శ్రద్ధగా దిద్దుతోంది, ఆ గురువులంటే నాకు గౌరవం. అయినా ఆ పందిరి కింద తప్ప, ఒక తెలుగు మాట తనకు అవసరమై అడిగి తీసుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

జూలైలో పక్కింటి పెద్దావిడ ఊరికి వెళుతూ తన మొక్కలకు వారం పాటు నీళ్లు పోయమని అడిగి, తిరిగి వచ్చాక ఇరవై డాలర్లు ఇచ్చారు. ఇరుగుపొరుగు సాయానికి డబ్బు తీసుకోవడం నాకు కష్టంగా తోచి వద్దన్నాను. ఆవిడ నొచ్చుకున్నారు. "నేను కష్టపడ్డాను కదమ్మా" అంది పిల్ల. ఆ రాత్రంతా ఆలోచించి, ఉదయం నేనే వెంట వెళ్లి తీసుకోమన్నాను. ఇది ఈ దేశపు పద్ధతి, ఇందులో పిల్లల శ్రమకు గౌరవముంది. మరి మన తోటకు ఎందుకివ్వవని అది అడిగినప్పుడు మాత్రం, మన ఇంట్లో అన్నం వండినందుకు ఎవరూ కూలి తీసుకోరు, ఇదీ అంతే అని చెప్పాను. అది ఒప్పుకుందో లేదో నాకు తెలియదు, కానీ మానలేదు.

ఆగస్టు చివరలో టమాటాలు మళ్లీ వెలవెలబోయాయి. పీకేద్దామని నేను పలుగు తీసుకుంటే పిల్ల అడ్డు నిలిచింది. రాత్రి వేడి 75 కంటే దిగే రోజు కోసం ఆగాలని ఫ్రిజ్ తలుపు మీద తానే ఒక పట్టిక వేసింది. ఒక గడిలో రాత్రి డిగ్రీలు, పక్క గడిలో అమ్మమ్మను అడిగి రాసుకున్న కార్తె పేరు. మఖ, పుబ్బ గడిచిపోయాయి. ఉత్తరలో, సెప్టెంబరు మూడో వారంలో ఒక తెల్లవారుజామున అది చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఊళ్లో సాయంత్రమైందో లేదో కూడా చూడకుండా అమ్మమ్మకు ఫోను కలిపింది.

"అమ్మమ్మా, పిందె పడింది. మూడు. రాలలేదు."