కారో-కాన్‌తో పొరుగూరి క్లబ్బుకు

చదరంగం లీగ్ మ్యాచ్ పొరుగూరి క్లబ్బులో జరగనుండడంతో మా జట్టు నలుగురమూ ఉదయపు రైలెక్కాము. రెండో బోర్డు మీద నాకు నల్లపావులు వస్తాయనీ, ఎదుటి ఆటగాడు రాజు ముందున్న బంటును రెండు గళ్లు నడిపే ఆట మొదలుపెడతారనీ కెప్టెన్ చెప్పగా, దారి పొడవునా అయస్కాంతపు చిన్న బోర్డు మీద ఆ ఆరంభానికి నల్ల ఇచ్చే జవాబైన కారో-కాన్‌నే తిరగేశాను. హొరేషియో కారో, మార్కస్ కాన్ 1886లో విశ్లేషించిన ఈ రక్షణకు చప్పనిదన్న పేరుంది. అలా అనేవారు ఇందులో తెల్ల తన రాజు ముందరి బంటును ఇంకో గడి ముందుకు తోసే అడ్వాన్స్ వేరియేషన్‌ను ఎదుర్కొని ఉండరు.

హాల్లో గడియారాలు నడవగానే సరిగ్గా అదే బోర్డెక్కింది: ఈ4 సీ6, డీ4 డీ5, ఈ5 బిషప్ ఎఫ్5, ఆపైన హెచ్4 (ముందు తెల్ల ఎత్తు, తరువాత నల్లది; అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస; పావు పేరు లేకుంటే కదిలేది బంటు). 1961 ప్రపంచ టైటిల్ పోరులో బోత్వినిక్ మీద తాల్ ప్రయోగించిన ఎత్తు ఇది. దీనికి ఈ6 అని ఆదమరచి ఆడితే, జీ4, హెచ్5 వరసగా వచ్చిపడి, గుర్రానికి మారకంగా ఇచ్చుకుంటే తప్ప నల్ల బిషప్‌కు దిక్కుండదు. నేను హెచ్5 ఆడి జీ4కు అడ్డుకట్ట వేశాను.

ఆయన బిషప్‌ను డీ3లో పెట్టి మార్పిడికి దిగడం నాకు ఊరటనిచ్చింది. మంత్రిని ఏ5 నుంచి రాజుకు చెక్ చెప్పించి, ఏ6కు మళ్లించి, మంత్రులను కూడా మార్చుకున్నాను. ఆ తరువాత సీ5తో కేంద్రాన్ని కదిపి, గుర్రాన్ని ఈ7 మీదుగా ఎఫ్5కు చేర్చాను. తెల్లగళ్ల బిషప్ లేని తెల్లకు దాన్ని కొట్టే పావు లేదు. జీ4 అని తరిమితే నా హెచ్ బంటు తినేస్తుంది. దూకుడుగా ముందుకొచ్చిన ఆ హెచ్4 బంటే ఇప్పుడు ఆయనకు బరువైంది: ఎఫ్3లోని ఒక్క గుర్రమే డీ4నూ, హెచ్4నూ కాయాలి, కోట కడితే (రాజునూ మూలనున్న రూక్‌నూ ఒకే ఎత్తులో జరిపితే) రూక్ కాపలా తొలగి, నా బిషప్ ఈ7కు రాగానే హెచ్4 పోతుంది. ఆయన తొందరపడలేదు. జీ3 ఆడి బంటుకు ఆసరా ఇచ్చి, రాజును మధ్యలోనే ఉంచి, డీ4కు బిషప్‌ను కాపలా పెట్టారు. ఆ కట్టుదిట్టంలో సందు దొరకక, ఎత్తులు మూడుసార్లు తిరిగి అదే స్థితికి రావడంతో డ్రా అయింది.

ఆట ముగిశాక పక్కగదిలో కూర్చుని, అయిదో ఎత్తుగా బిషప్‌ను డీ3లో పెట్టే బదులు బంటును సీ4కు నడిపితే మీ పని కష్టమయ్యేదని ఆయనే పావులు పేర్చి చూపించారు. నాకు ఈ6 చాలుననిపించింది. గుర్రం సీ3కి వచ్చాక నా రెండో గుర్రాన్ని ఎక్కడ నిలపాలో తేలకముందే రైలు వేళయింది.