ట్రైనింగ్ ఖాతాలో రెండు రోజులు

రెండు రోజులు కూర్చుని నేను సరిచేసిన విమానం రెక్కని మా సూపర్‌వైజర్ ఒక్క మాస్కింగ్ టేపు ముక్కతో తేల్చేశాడు. టేపు అంటించి, బొటనవేలితో గట్టిగా రుద్ది, సర్రున లాగాడు. నా ప్యాచ్, దాని పక్కన జానెడు పాత పెయింటు కలిసి ఊడొచ్చాయి. అడుగున గుడ్డ తెల్లగా, అప్పుడే తానులోంచి కత్తిరించినట్టుంది. ఆయన ఒక్క మాట అనలేదు. సాయంత్రం టైమ్‌షీట్‌లో నా రెండు రోజులకీ ఎదురుగా ‘ట్రైనింగ్’ అని రాసి, కస్టమర్ బిల్లులోంచి తీసేశాడు.

కెనడాలో ఆ హ్యాంగర్‌లో చేరి అప్పటికి నాలుగు నెలలు. జీతం కోయలేదు కదా, సంతోషించాలి. కానీ ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత నాకు ట్రైనింగా?

నా వాదన కూడా వినండి. నేను పని నేర్చుకున్నది బేగంపేటలో, పుష్పక్ మీద. 1958లో మొదటిసారి ఎగిరిన హెచ్‌ఏఎల్ వారి రెండు సీట్ల విమానం అది. రెక్కలకి రేకు ఉండదు, గుడ్డే. మేం వేసింది నూలు గుడ్డ. డోప్ అనే వార్నిష్ లాంటి పూత పూస్తే నేత చీరకి గంజి పట్టినట్టు పోగుల్లోకి ఇంకిపోయి, ఆరేకొద్దీ బిగిసి, వేలితో కొడితే డప్పులా మోగేది. (వానాకాలం మాత్రం మా ఉస్తాద్ డబ్బా మూత తీయనిచ్చేవాడు కాదు. తేమకి డోప్ తెల్లగా పాలిపోతుంది.)

కెనడాలో వాడేది పాలిస్టర్. పోగు నున్నగా ఉంటుంది, ఏదీ పీల్చదు. బిగించడం కూడా ఇస్త్రీపెట్టెతోనే, 250 డిగ్రీల ఫారెన్‌హీట్‌తో మొదలుపెట్టి 350 దాకా. మరీ మించితే బిగువు సడలిపోతుంది. మొదటి కోటుని బ్రష్‌తో నేతలోకి నొక్కి పూయాలి. అది అవతలికి దిగి పోగుల్ని చుట్టుకుంటేనే పట్టు. ఆ విమానానికి ఎవరో ఆ ఒక్క కోటూ పైపైన లాగించేశారు. దాని మీద ఎండ తగలకుండా అల్యూమినియం కలిపిన వెండి కోటు, ఆపైన రంగు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. అన్నీ కలిసి పాల మీద మీగడలా గుడ్డ మీద కూర్చున్నాయి, అంతే. నేను ఊడిన చోట అంచులు సాండ్‌పేపర్‌తో రుద్ది, నూలుకి పూసినట్టే పూశాను. అంచుల కిందే పట్టు లేదని చూసుకోలేదు. తప్పు నాదే, కాదనను.

రెక్క మొత్తం ఒలిచి కొత్త గుడ్డ వేశాం. రెక్క లోపలి అడ్డపట్టీలకి, అదే రిబ్బులకి, మైనం దారంతో కుట్లు వేసేటప్పుడు మాత్రం నా చేతికి ఎవరూ వంక పెట్టలేదు. అది కూడా రాసుకోనివ్వండి.

మా ఉస్తాద్ అయితే హ్యాంగర్ అంతా వినేలా నా ఏడు తరాలనీ తిట్టేవాడు. అరగంటకి సాసర్‌లో సగం చాయ్ పోసి నా వైపు జరిపేవాడు. అక్కడితో లెక్క సరి. ఇక్కడ లెక్క తేలదు. మర్నాడు కూడా సూపర్‌వైజర్‌ది అదే గుడ్ మార్నింగ్, అదే నవ్వు. తర్వాత తోటి మెకానిక్ చెప్పాడు, ‘రీవర్క్’ అని రాస్తే నా పేరు మీద పడేదట, ట్రైనింగ్ అయితే షాపు ఖాతాలోకి పోతుందట. అంటే నన్ను కాపాడాడన్నమాట. ఆ ముక్క నోటితో చెబితే ఏం పోయేది?

మొన్న సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడు బోయిన్‌పల్లిలో ఉస్తాద్ ఇంటికి వెళ్లాను. ఊడిన పెయింటు పట్టీ ఒకటి పర్సులో దాచుకున్నాను, తీసి చూపించాను. కళ్లజోడు పైకి జరిపి, వెనక్కి తిప్పి, గోటితో గీకాడు. గుడ్డ నేత అచ్చు ఎక్కడా పడలేదు, అద్దంలా ఉంది.

“గిది సూడకుండనే పూసినవారా?”

“చూడలేదు ఉస్తాద్.”

“మీ సాబు ఏమన్నడు?”

“ఏమీ అనలేదు.”

“ఏమీ అనలే?” అని నా మొహంలోకి చూసి, తిట్టడం మొదలుపెట్టాడు. లోపలి నుంచి అమ్మగారు వచ్చి, పెద్దవాడయ్యాడు, వదిలెయ్యండి అనేదాకా ఆపలేదు. చాయ్ వచ్చింది. పట్టీని చొక్కా జేబులో వేసుకున్నాడు. తిరిగి ఇమ్మని అడగలేకపోయాను.